హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్ర – మన మౌనం

2011-12 విద్యాసంవత్సరంలో తొమ్మిదో తరగతి పిల్లలకు నేనొక వ్యాసం ఇచ్చాను. శీర్షిక "మా పేట చరిత్ర". మా బడి దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్.బి. నగర్‌కూ నడుమ ఉంది. నేను ఎదురు చూసిన జవాబులు నాకు ముందే తెలుసు. మూసారాంబాగ్ పేరులో ఫ్రెంచి సేనాని రేమండ్ ఉన్నాడని రాయాలి. విక్టోరియా మెమోరియల్ హోం పేరులో ఒక మహారాణి ఉందని రాయాలి. ఎల్.బి. నగర్ అంటే లాల్ బహదూర్ నగర్ అనీ, అది ఒక ప్రధానమంత్రి పేరనీ రాయాలి. ఇవన్నీ నేను చెప్పినవే. పిల్లలు చాలామంది అలాగే రాశారు.

ఒక పిల్లవాడు మాత్రం వాళ్ల తాత గురించి రాశాడు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు ఆ పిల్లవాడికి. వాళ్ల దాదా పోలీసు కానిస్టేబులుగా పనిచేశాడట. డ్యూటీ దిగాక మలక్‌పేట నుంచి సైకిలు మీద ఫతేమైదాన్‌కు పోయి పోలీసు లైన్ల జట్టులో ఫుట్‌బాల్ ఆడేవాడట. "రహీం సాబ్" చూస్తున్నాడంటే తప్పు పాస్ ఇవ్వడానికి అందరూ భయపడేవారట. పేజీన్నర రాశాడు. వాక్యాల్లో ఉర్దూ మాటలు చాలా ఉన్నాయి. నేను ఎర్రసిరాతో "రహీం సాబ్" పక్కన ప్రశ్నార్థకం వేశాను. అడుగున "విషయాంతరం" అని రాసి పదికి మూడు మార్కులు ఇచ్చాను.

తెలుగులో ఎమ్మే చదివినవాణ్ని. సాహిత్యంలో సామాన్యుడి స్థానం గురించి సభల్లో మాట్లాడినవాణ్ని. ఒక కానిస్టేబుల్ కథ పేట చరిత్ర కాదని తీర్పు చెప్పింది కూడా నేనే. ఆ తీర్పు ఎక్కడినుంచి వచ్చిందో వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు ముందుగా ఆ ప్రశ్నార్థకానికి జవాబు చెప్పాలి.

*

ఇంగ్లండులో షెఫీల్డ్ అనే ఉక్కు కర్మాగారాల నగరం ఉంది. 1857లో అక్కడ ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టింది. ప్రపంచంలో ఇప్పటికీ బతికి ఉన్న ఫుట్‌బాల్ క్లబ్బుల్లో అదే అతి పాతది. దానికి కోట్ల రూపాయల ఆటగాళ్లు లేరు. టెలివిజన్‌లో మనం చూసే పెద్ద లీగుల్లో దాని పేరు ఉండదు. అక్కడ అటువంటి క్లబ్బులను 'నాన్-లీగ్' క్లబ్బులంటారు. అగ్రశ్రేణి లీగులకు బయట, కింది మెట్ల మీద ఆడేవి అన్నమాట. అటువంటివి ఇంగ్లండులో వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో చాలావాటికి చరిత్ర పుస్తకాలున్నాయి. ఏ కర్మాగారం షెడ్డులో పుట్టింది, ఏ చర్చి వెనక స్థలంలో ఆడింది, గోలు కాసినవాడు వారం పొడుగునా ఏ పని చేసేవాడు - ఇవన్నీ ఎవరో ఒక బడిపంతులో, రైల్వే గుమాస్తానో ఓపికగా రాసి పెట్టారు. ఓడిన ఆటలను కూడా రాశారు.

అది చూసి నేను ఇంగ్లండును పొగడబోవడం లేదు. ఆ దేశపు సైన్యమే ఆ ఆటను మన దేశానికి తెచ్చింది. 1888లో సిమ్లాలో డ్యూరాండ్ కప్పు, 1891లో బొంబాయిలో రోవర్స్ కప్పు మొదలైనప్పుడు అవి ప్రధానంగా తెల్ల సైనికుల పోటీలు. నా ప్రశ్న వేరు. షెఫీల్డు కార్మికుడి ఆదివారం ఆట చరిత్ర కాగలిగినప్పుడు, దేశాన్ని గెలిచిన హైదరాబాదు జట్టు మన తెలుగులో ఎందుకు చరిత్ర కాలేదు?

గెలుపుల విషయం మొదట చెప్పేస్తాను. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1940 తర్వాత ఆగిపోయి 1950లో మళ్లీ మొదలైన డ్యూరాండ్ కప్పును ఆ ఏడే మోహన్ బగాన్‌ను ఓడించి తెచ్చుకుంది. 1954లోనూ, 1957లోనూ మళ్లీ తెచ్చుకుంది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ అన్న పేరుతో మరోసారి గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57, 1957-58 పోటీల్లో వెంటవెంటనే గెలిచింది. కలకత్తా, బొంబాయి తప్ప ఫుట్‌బాల్ లేదనుకుంటున్న దేశంలో ఇది జరిగింది.

కప్పుల జాబితా చరిత్ర కాదు. రాజుల జాబితా చరిత్ర కాదని మనం ఎప్పుడో తేల్చుకున్నాం. కప్పుల వెనక ఏ మనుషులున్నారు, ఏ శ్రమ ఉంది, ఏ పద్ధతి ఉంది అన్నది చూడాలి.

*

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివాడు. బడిపంతులుగా జీవితం మొదలుపెట్టాడు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు - ఇవి ఆయన పనిచేసిన బడులు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నాడు. కమర్ క్లబ్బు అనే స్థానిక జట్టుకు స్వయంగా ఆడాడు.

నేను రోజూ తిరిగే దారి తెలిసినవారికి ఈ బడుల పేర్లు కొత్త కాదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట మీదుగా నగరంలోకి పోయే దారిలో మూసీ దగ్గర చాదర్‌ఘాట్ వస్తుంది. దానికి కొంచెం అవతల కాచిగూడ. భారతదేశపు ఫుట్‌బాల్‌కు అత్యంత గొప్ప శిక్షకుడు మా దారి మీద పాఠం చెప్పాడు. ఇరవై ఏళ్లుగా అదే దారిన పోతూ అదే వృత్తి చేస్తున్న నాకు ఆ సంగతి తెలియదు.

1943లో రహీం హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు కార్యదర్శి అయ్యాడు. మన పాఠకులకు ఆ సంవత్సరం వేరే కారణంగా గుర్తుంటుంది. తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది ఆ ఏడే. ఒకచోట సాహిత్యాన్ని ప్రజల దగ్గరికి తీసుకుపోవాలని సంకల్పం. ఇంకొకచోట దొరల, దొరల సైనికుల ఆటను గల్లీ పిల్లల దగ్గరికి తీసుకుపోయే పని. ఈ రెండు ప్రయత్నాలకూ ఒకదాని సంగతి ఒకదానికి తెలిసిన దాఖలా నాకు కనబడలేదు.

1950లో రహీం సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడయ్యాడు. చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. ఆయన పద్ధతి ఏమిటి? అప్పటి వాడుక బ్రిటిష్ సైనిక జట్లను చూసి నేర్చుకున్నది. బంతిని పొడుగ్గా కొట్టడం, ఒంటి బలంతో ఎదుటివాణ్ని నెట్టుకుని పోవడం. లేదా మన పిల్లలకు సహజంగా ఇష్టమైనది: ఒక్కడే బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ నలుగురిని దాటి చప్పట్లు కొట్టించుకోవడం. రహీం ఈ రెండింటినీ పక్కన పెట్టాడు. హైదరాబాదు కుర్రవాళ్లు బక్కపలచని వాళ్లు. తిండి అంతంతమాత్రం. ఒంటి బలంతో గెలవలేరు. అందుకని బంతి పరుగెత్తాలి, మనిషి ఆలోచించాలి అన్నది ఆయన సూత్రం. బంతి కాలికి తగిలిన మరుక్షణం తోటివాడికి చేరాలి.

ఇది నేర్పడానికి ఆయన కొన్ని విచిత్రమైన పోటీలు పెట్టాడు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం. బంతిని దగ్గర ఉంచుకుంటే తప్పు. ఇంకొక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో. మరొకటి పొట్టివాళ్లకు మాత్రమే. ఒక ఎత్తు దాటినవాడికి ప్రవేశం లేదు.

ఇవి చదివినప్పుడు తెలుగు పంతులుగా నాకు మన నిరోష్ఠ్య కావ్యాలు గుర్తుకొచ్చాయి. పెదవి తగిలే అక్షరం ఒక్కటి లేకుండా కావ్యం రాయడం మన కవులు పెట్టుకున్న నియమం. ప, బ, మ లేకుండా రాముడి కథ చెప్పాలంటే రామ శబ్దమే పలకరాదు. కొంతమంది దాన్ని వట్టి గారడి అన్నారు. కాని ఆ నియమం కింద కవికి భాషలో అప్పటిదాకా తడమని మూలలు తెలిసివస్తాయి. రహీం పోటీలు పిల్లల కాళ్లకు ఆ పని చేశాయి. ఒక తేడా ఉంది. మన కవి నియమం తన పాండిత్యాన్ని చూపడానికి. రహీం నియమం ప్రతిభ తక్కువైన పిల్లవాడిని కూడా జట్టులో నిలబెట్టడానికి. అది నిజంగా పంతులు చేసే పని.

*

ఆ పిల్లలు ఎవరు? సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం పేదింటి బిడ్డ. అక్కడినుంచి హైదరాబాదు మైదానానికి శిక్షణ కోసం రోజూ రావడానికి డబ్బు లేదు. సైకిలు అద్దెకు రహీం తన జేబునుంచి డబ్బిచ్చిన సంగతి బలరాం తర్వాత కృతజ్ఞతగా చెప్పుకున్నారు. ఆ సైకిలు కుర్రవాడు 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చాడు. అటువంటి పేద ఇళ్లవాళ్లు ఎందరో ఆ జట్లలో ఉన్నారు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్ - ఈ పేర్లు ఒకప్పుడు నగరంలో ఇంటింటా తెలిసినవి.

ఇక్కడ ఈ పత్రిక పాఠకుడు తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ జట్టు పేరులో 'పోలీస్' ఉంది. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం 1946లో మొదలై 1951 అక్టోబరులో ఆగింది. అంటే బొంబాయిలో, ఢిల్లీలో ఈ జట్టు తొలి కప్పులు ఎత్తుకుంటున్న నెలల్లో నల్లగొండ, వరంగల్లు పల్లెల మీద సైనికుల, పోలీసుల బూట్లు తిరుగుతున్నాయి. మనవాళ్లు అడవుల్లో, జైళ్లలో ఉన్నారు. ఆ యూనిఫారాన్ని పొగడమంటారా అని ఎవరైనా అడిగితే నేను ఆ ప్రశ్నను తప్పించుకోను.

రాజ్యానికి ఆ జట్టు ఒక అలంకారం. కప్పు గెలిస్తే శాఖకు పేరు. ఇందులో సందేహం లేదు. కాని ఆ యూనిఫారంలోకి ఆ కుర్రవాడు ఎందుకు వచ్చాడు? 1948 సెప్టెంబరు తర్వాత నిజాం సైన్యం రద్దయింది. దాన్ని నమ్ముకున్న వేల కుటుంబాల జీవనం తలకిందులైంది. కొత్త పాలనలో, కొత్త భాషల్లో ఉద్యోగాలు వెతుక్కోవలసి వచ్చింది. ఉర్దూ తప్ప మరో చదువు లేని పేద ముస్లిం కుర్రవాడికి బంతి తన్నగల కాలు ఒక అర్హతగా మిగిలింది. కానిస్టేబుల్ ఉద్యోగం అతనికి నెల జీతం, అమ్మకు రేషను, చెల్లెలి పెళ్లి. మన కథల్లో పోలీసు ఎప్పుడూ లాఠీగానే వచ్చాడు. లాఠీ పట్టుకున్న చేతికి ఒక ఇల్లు ఉంటుందని మనం అరుదుగా రాశాం. అతని చేత రాజ్యం చేయించిన పనిని ఖండించాలి. అతని కాలు నేర్చుకున్న విద్యను అతనిదిగా గుర్తించాలి. రెండూ ఒకే వాక్యంలో రాయగలగడం చరిత్రకారుడి బాధ్యత. ఆ వాక్యం కష్టమని మనం మొత్తం పేజీనే వదిలేశాం.

*

రహీం నగరం నుంచి దేశానికి వెళ్లాడు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లలో పలువురు ఆ చలిలో వట్టికాళ్లతో ఆడారు. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు, 1956లో, మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీ ఫైనల్ చేరింది. నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా జట్టు అంతదాకా పోవడం అదే మొదలు. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1గా నిలబడింది. 1962 సెప్టెంబరులో జకార్తాలో లక్షమంది ప్రేక్షకులు మనకు ఎదురుగా అరుస్తుండగా దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ ఆసియా బంగారు పతకం గెలిచింది.

జకార్తాకు వెళ్లేనాటికి రహీం ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. 1963 జూన్ 11న చనిపోయాడు. అప్పటికి యాభై మూడేళ్లు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం మన దేశానికి రాలేదు. 1960 తర్వాత ఒలింపిక్ ఫుట్‌బాల్ మన దేశం ఆడలేదు.

ఒక్క మనిషి పోతే అంతా పోతుందా అని నేను చాలా రోజులు ఆలోచించాను. ఒక వ్యక్తి మీద చరిత్రను ఆనించడం మన పద్ధతి కాదు. లోతుగా చూస్తే వేరే కారణాలు కనబడతాయి. రహీం ఉన్నప్పుడే కలకత్తా క్లబ్బులు హైదరాబాదు ఆటగాళ్లను తీసుకుపోవడం మొదలైంది. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1966లో మహమ్మద్ హబీబ్ వెళ్లాడు. 1977లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచినప్పుడు ఆ రెండు గోళ్లలో ఒకటి హబీబ్‌ది. కలకత్తా జేజేలు కొట్టింది. పంట మన చేలో పండింది, గాదె అక్కడ నిండింది. మనవాడు పొట్ట చేతపట్టుకుని వలసపోయాడు. పాలమూరు కూలీ వలస గురించి రాసిన మనం ఈ వలస గురించి రాయలేదు.

రెండో కారణం, ఆట ఉద్యోగం మీద ఆధారపడి ఉండడం. శాఖల్లో ఆటగాళ్ల భర్తీ పలచబడ్డకొద్దీ గల్లీలో ఆడే పిల్లవాడికి ఆశ తగ్గింది. మూడోది క్రికెట్. 1983 ప్రపంచకప్పు తర్వాత డబ్బూ దృష్టీ అటు తిరిగాయి. నాలుగోది నేల. దాని గురించి చివర చెబుతాను.

*

ఇక మన మౌనం సంగతి. రహీంకు ఒక్క ఏడాది ముందు, 1908లో, మఖ్దూం మొహియుద్దీన్ పుట్టాడు. ఆయనా ఉస్మానియాలోనే చదివాడు. ఆయనా పాఠాలే చెప్పాడు, సిటీ కాలేజీలో. ఇద్దరిదీ ఒకే నగరం, ఒకే భాష, ఒకే కాలం. మఖ్దూం పేరు మన వేదికల మీద గౌరవంగా వినబడుతుంది, వినబడాలి కూడా. ఆయన కవి, నాయకుడు. పోరాటంలో మనవాడు. కాని ఉర్దూ హైదరాబాదులో మనకు తెలిసింది ఆయన ఒక్కడే అయినట్టు మనం ప్రవర్తించాం. ఆయన కవిత్వం ఎవరి కోసం రాశాడో ఆ మనుషులు సాయంత్రం ఎక్కడ గుమిగూడేవారో చూడలేదు. వాళ్లు ఫతేమైదాన్‌లో ఉన్నారు.

ఈ మౌనానికి నాకు మూడు కారణాలు తోస్తున్నాయి. మొదటిది భాష. ఆ ఆట ముచ్చట్లు ఉర్దూ పత్రికల్లో, ఇరానీ హోటళ్ల బల్లల మీద నడిచాయి. తెలుగు రచయితల్లో చాలామంది ఆ హోటల్లో టీ తాగారు గాని పక్క బల్ల మాట వినలేదు. రెండోది, ఆటను తీరికవాళ్ల కాలక్షేపంగా చూసే మధ్యతరగతి బుద్ధి. పొలంలో, మిల్లులో చేసేదే శ్రమ, మైదానంలో చేసేది శ్రమ కాదన్న అభిప్రాయం మనలో బలంగా ఉంది. మూడోది చెప్పడం కష్టం. హైదరాబాదు ముస్లిం అనగానే మన ఊహలో నవాబు వచ్చాడు, రజాకారు వచ్చాడు. సైకిలు తొక్కే కానిస్టేబుల్ రాలేదు. నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్' కథలు వంటి మినహాయింపులు ఉన్నాయి. ఆ గడపల లోపలికి పోయి చూసిన రచయిత ఆయన. మినహాయింపులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయంటేనే మిగతా మనం ఏం చేశామో తెలుస్తుంది.

2023లో ఫిబ్రవరిలో బలరాం, ఆగస్టు 15న హబీబ్ చనిపోయారు. 2024 ఏప్రిల్‌లో రహీం జీవితం మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. చాదర్‌ఘాట్ పంతులు కథ మా పిల్లలకు చెప్పడానికి బొంబాయి రావలసి వచ్చింది. మా బడి పిల్లలు కొందరు చూసి వచ్చి, "సార్, రహీం సాబ్ మన హైదరాబాదేనట" అన్నారు. ఆ "రహీం సాబ్" అన్న మాట విన్న క్షణాన నాకు పన్నెండేళ్ల కిందటి ఎర్రసిరా ప్రశ్నార్థకం కనబడింది.

*

మా ప్రాంతపు నేల సంగతి చెప్పి ముగిస్తాను. ఎల్.బి. నగర్‌కూ నగరం నడిబొడ్డున ఉన్న ఎల్.బి. స్టేడియానికీ ఒకే మనిషి పేరు. కొత్తగా వచ్చిన హాస్టలు పిల్లలు ఒక దానికి పోబోయి మరొక దానికి పోతుంటారు. స్టేడియం అసలు పేరు ఫతేమైదాన్. గోలకొండ ముట్టడినాటి ఔరంగజేబు విజయం పేరు మీద వచ్చిందంటారు. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. చక్రవర్తి పేరు పోయి ప్రధానమంత్రి పేరు వచ్చింది. పంతులు పేరు రాలేదు.

2018 సెప్టెంబరు నుంచి మాకు మెట్రో ఉంది. ఎల్.బి. నగర్‌లో ఎక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్, మలక్‌పేట దాటి మూసీ మీదుగా నాంపల్లి వెళ్తుంది. అక్కడ దిగి నడిస్తే స్టేడియం. ఆ దాదా డ్యూటీ దిగి సైకిలు తొక్కిన దారే దాదాపు ఇది. కిటికీలోంచి చూస్తే దారి పొడుగునా ఒకటే మాట బోర్డుల మీద కనబడుతుంది: కోచింగ్. ఇంజనీరింగు కోచింగ్, గ్రూప్స్ కోచింగ్, బ్యాంకు కోచింగ్, కానిస్టేబుల్ పరీక్షకు కూడా కోచింగ్. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచ్ అంటే మైకు పట్టుకుని మూడువందల మందికి బిట్లు చెప్పేవాడు. ఆ మాటకు రహీం ఇచ్చిన అర్థం, బలహీనమైన కాలిని కనిపెట్టి దానికి పని చెప్పడం అన్న అర్థం, మా వీధుల్లో ఎవరికీ తెలియదు. ఆ పిల్లలను తప్పుపట్టను. పల్లెల్లో పొలం అమ్మి పంపిన తల్లిదండ్రులు వాళ్ల వెనక ఉన్నారు. వాళ్లకు ఉద్యోగం కావాలి, కానిస్టేబుల్ కుర్రవాడికి కావలసి వచ్చినట్టే. కాని ఆ ఉద్యోగానికి ఇప్పుడు దారి మైదానం గుండా పోవడం లేదు. నాలుగో అంతస్తు గదిగుండా పోతోంది.

మా పేటలోని చాలా ప్రైవేటు బడులకు ఆటస్థలం లేదు. సెల్లారులో పి.టి. జరుగుతుంది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా బడి వెనక ఉన్న ఖాళీ స్థలంలో పిల్లలు రెండు వైపులా ఇటుకలు పెట్టుకుని ఆడేవారు. ఇప్పుడక్కడ అపార్టుమెంటు ఉంది. గజం ధర తెలిసిన రోజున మైదానం మైదానంగా మిగలదు.

ఆట డబ్బు చేతికి పోతే ఏమవుతుందో కూడా చూశాం. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే వృత్తి క్లబ్బు వచ్చింది. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. నగరం సంతోషించింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. దానికి నగరంతో ఉన్న సంబంధం వ్యాపారం కాబట్టి తరలిపోగలిగింది. షెఫీల్డు చిన్న క్లబ్బు నూట అరవై ఏళ్లకు పైగా తన ఊరిని పట్టుకుని ఉండడానికీ, దీనికీ ఉన్న తేడా ఆటలో లేదు, మనుషులతో ఉన్న ముడిలో ఉంది.

సినిమా వచ్చాక నేను ఆ పిల్లవాణ్ని వెతికాను. ఇప్పుడు అతను పిల్లవాడు కాదు. చంపాపేటలో ఏ.సి.లు రిపేరు చేస్తాడు. గుర్తుపట్టి, కుర్చీ వేసి, టీ తెప్పించాడు. మీ దాదాతో మాట్లాడాలి, ఆయన చెప్పినవన్నీ రాసుకోవాలి అన్నాను. దాదా 2014లో చనిపోయారట. పోనీ నీకు తెలిసింది చెప్పు అన్నాను. ఏ స్థానంలో ఆడేవారు? ఏ ఏడాది? ఎవరి మీద?

"తెలీదు సార్. అప్పుడు మీకు రాసిందే నేను అడిగి తెలుసుకుంది. మీరు అది సబ్జెక్టు కాదన్నారు కదా. మళ్లీ అడగలేదు" అన్నాడు.

కోపంతో అనలేదు. ఉన్న సంగతి చెప్పాడు. ఆ నోటు పుస్తకం కూడా లేదు. పాత కాగితాలకు పోయింది.

ఒక మనిషి అనుభవం పేజీన్నర దాకా వచ్చి ఆగిపోవడానికి నేను కారణం. ఇటువంటి ఎర్రసిరా మన పత్రికల్లో, సిలబస్‌లో, సాహిత్య చరిత్ర గ్రంథాల్లో ఎంత ఒలికిందో నేను లెక్క చెప్పలేను. ఇంకా కొంత సమయం ఉంది. ఎల్.బి. నగర్ నుంచి రింగురోడ్డు మీద కర్మన్‌ఘాట్, చంపాపేట, సంతోష్‌నగర్ దాటి చాంద్రాయణగుట్ట పోతే పక్కన బార్కస్ ఉంది. ఒకప్పటి సైనిక బారకాసుల పేట అది. ఫుట్‌బాల్‌కు పేరుపడ్డ పేట. అక్కడ ఎనభై ఏళ్లు దాటినవారు సాయంత్రం అరుగుల మీద కూర్చుని ఉంటారు. కథావస్తువు కరువైందని నాతో అనే యువ రచయితలకు, పరిశోధనాంశం కోసం వెతికే ఎమ్మే విద్యార్థులకు నా మనవి ఒకటే. ఉర్దూ వచ్చిన ఒక స్నేహితుణ్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లండి. ఓడిన ఆటల గురించి కూడా అడగండి.

నేను ఈ ఏడాది మళ్లీ తొమ్మిదో తరగతికి "మా పేట చరిత్ర" ఇచ్చాను. ఈసారి ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లను అడిగి రాయమన్నాను. నలభై రెండు కాగితాలు వచ్చాయి. ఇంకా మార్కులు వేయలేదు.